జంపఖానా కింద రెండు పేర్లు

కొత్తవాడ, వరంగల్

ఇందూ,

ఫోన్ చేస్తే పక్కనున్న మీ అమ్మ సరోజనత్తమ్మకు వినిపిస్తుందని ఉత్తరం రాస్తున్నాను. ఆమె అలిగి తొర్రూరులో మీ ఇంటికి రావడానికి కారణం నేనే. మన నేతకారుల సంఘం వెబ్‌సైట్‌లో, మీ అమ్మా బాపూ కలిసి నేసిన జంపఖానా ఫొటో కింద మీ బాపు సిద్దిరాములు మామ పేరొక్కటే కనిపించింది. "మరి మగ్గం మీద నేను కూసోలేదా?" అని ఆమె అడిగింది. మామ నవ్వాడు. అదే కొంప ముంచింది.

తప్పు ఆ వెబ్‌సైట్ కోసం నేను రాసిన పైథాన్ ప్రోగ్రాంలో ఉంది. డేటాబేస్‌లోని పట్టికలను కలపడానికి వాడే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో, ఒక జంపఖానాకు నేసే మనిషి ఒక్కరేనని రాశాను. రెండో పేరు ఎక్కించగానే మొదటిది చెరిగిపోయేది. ఇప్పుడు ఏ జంపఖానాను ఎవరెవరు నేశారో రాసే మరో పట్టికను మధ్యలో పెట్టాను. ఎందరు కలిసి నేసినా అందరి పేర్లూ వస్తున్నాయి.

మామను పిలిచి చూపించాను.

"సరోజన పేరు ముందుగాల పెట్టు బిడ్డా" అన్నాడు.

"అక్షరాల వరుసల అత్తమ్మ పేరే ముందొస్తది మామా, నేను చేసేదేం లేదు" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, "గా ముచ్చట ఆమెకు చెప్పకు. నేనే కొట్లాడి పెట్టించిన అని చెప్పు" అన్నాడు.

సగం నేసిన పెద్ద జంపఖానా మగ్గం మీదే ఉంది. రెండో మనిషి లేక మామ కాసేపు ఆ కొసకు, కాసేపు ఈ కొసకు కూర్చుని లేస్తున్నాడు. అత్తమ్మను తొందరగా పంపించు. కొట్లాడి పెట్టించాడనే చెప్పు.

నీ నేస్తం