సామ్యేలు పని

నంద్యాల,
12-8-1983

మరిది సామ్యేలుకు నీ వదిన దెబోరా వందనాలు.

నాలుగేండ్ల తర్వాత నా చేతిరాత చూసి మీ అన్నకేమైనా అయిందేమోనని భయపడకు. ఆయన బాగున్నాడు. బాగాలేనిది నేను.

మొన్న మంగళవారం ఒకాయన బండి తోసుకొచ్చాడు. కార్బురేటర్ కడిగించి వారం కాలేదు, పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతోంది. మీ అన్న వంగి చూసి, "ఇది సామ్యేలు పనేలేప్పా" అన్నాడు. నువ్వు వెళ్లినప్పటి నుంచి మన షాపులో ఆ రోగానికి నీ పేరే. కడిగాక కారితే చాలు, సామ్యేలు పని. ఇప్పుడు బండ్ల వాళ్లు కూడా అలాగే అంటున్నారు. ఆ మాట వినబడినప్పుడల్లా నేను లోపలికి వెళ్లిపోతాను. అది నీ పని కాదు సామ్యేలూ. నాది.

ఆ మాస్టరు బండి గుర్తుందా? నువ్వు కార్బురేటర్ విప్పి, సామానంతా పెట్రోలుతో కడిగి, తట్టలో ఆరబెట్టి టీకి పోయావు. అప్పటికి నాకు పెళ్లై నాలుగు నెలలు. పనికొచ్చేదాన్నని మీ ఇద్దరికీ చూపించాలని ఒకటే ఆరాటం. ఫ్లోట్ అంటారే, ఆ ఇత్తడి బుడ్డి, నల్లగా కనిపించింది. చెంబు తోమినట్టు చింతపండు, ఇటుకపొడి వేసి తోమాను. దాని సూదిని కూడా వదల్లేదు. కడిగి, తుడిచి, మళ్లీ తట్టలో పెట్టేశాను. మెచ్చుకుంటావనుకున్నాను. మాస్టరు తొందర పెడుతుంటే నువ్వు చూడకుండానే బిగించావు.

ఆయన శిరివెళ్ల దాటకముందే కారిన పెట్రోలు అంటుకుని సీటు కాలింది, కాలు బొబ్బలెక్కింది. బండి మళ్లీ షాపుకొచ్చాక మీ అన్న నలుగురిలో, "చేతులు కడుక్కొనేకి రానోనివి, కార్బురేటర్ యాడ కడుగుతావ్ రా?" అన్నాడు. నువ్వు "కడిగినా అన్నా" అని ఒక్కసారే అన్నావు. సూది కూర్చునే రంధ్రంలో మీ అన్న గుడ్డ పెట్టి తుడిస్తే ఎర్రటి పొడి వచ్చింది. అది అడ్డంపడి సూది మూసుకోలేదు, అందుకే పెట్రోలు ఆగలేదని చెప్పాడు. ఆయన రోడ్డు దుమ్మనుకున్నాడు. నేను గుర్తుపట్టాను. అక్కడే నిలబడి నోరు మెదపలేదు. ఆయన నోటికి భయపడ్డాను, అది నిజం. నువ్వు బస్సెక్కాక ఇల్లు ఇక మా ఇద్దరిదే అని ఆ పూట కాస్త సంతోషించాను కూడా. అదీ నిజమే. అదే నన్ను ఎక్కువగా తింటోంది.

ఈ ఉత్తరం మీ అన్నకు చూపిస్తావో, చించేస్తావో నీ ఇష్టం.

నీ వదిన,
దెబోరా


ఆళ్లగడ్డ,
20-8-1983

వదినకు,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అలిగి వచ్చాననుకున్నారు మీరంతా. కాదు. కడిగినట్టు నాకు బాగా గుర్తుంది, అయినా గుడ్డ మీద దుమ్ము కనబడింది. ఇక నా చేతిని నేనే నమ్మలేకపోయాను. నాలుగేండ్లుగా బస్టాండు దగ్గర పంక్చర్లు వేసుకుంటున్నాను. ఎవరైనా కార్బురేటర్ చూడమంటే రాదని చెబుతాను.

తోమడం తప్పు కాదు వదినా. ఆ రోజు నువ్వు ఒక్క మాట అనుంటే నా పని నాకు మిగిలేది. నీ మీద కోపం లేదని రాయలేను. నీ ఉత్తరం అన్నకు చూపించను. చెప్పాల్సింది నేను కాదు.

సామ్యేలు


నంద్యాల,
29-8-1983

సామ్యేలూ,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి రోజూ చెబుదామని అన్నం దగ్గర నోరు తెరవడం, కూర వేయనా అని అడగడం. ఇదే నా బతుకు.

నిన్న ఒక బండి కారుకుంటూ వచ్చింది. మీ అన్న వంగేలోపే బండాయన, "ఏందన్నా, సామ్యేలు పనేనా?" అని నవ్వాడు. షాపులో ఐదారుగురున్నారు. నేను చేట పక్కన పెట్టి బయటికొచ్చాను.

"కాదప్పా. దాని పేరు దెబోరా పని" అన్నాను.

ఇటుకపొడి దగ్గర్నుంచి అంతా చెప్పాను, అందరి ముందే. మీ అన్న స్పానరు కింద పెట్టి లోపలికి పోయాడు. పొద్దున ఆ కార్బురేటర్‌ను బండి నుంచి ఊడదీసి, "దీన్ని వాడే కడగాల" అన్నాడు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మీ అన్న సంచిలోనే అది ఉంది. గుడ్డలో చుట్టింది ఆయనే. నేను చెయ్యి పెట్టలేదు.

దెబోరా