నీ ఫోన్‌లో మిగిలిన సుడోకు

అత్తమ్మా,

నీ సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు భోంచేసి వెళ్లాక నీ ఫోన్ తీశాను. నువ్వు సగంలో వదిలిన సుడోకు ఇంకా అందులోనే ఉంది. అప్పటికే నువ్వు రెండు తప్పులు చేశావు. మూడోది పడితే ఆట మొత్తం పోతుంది. ఆ భయంతోనే ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు.

నీకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నేనేమో ఎమ్మెస్సీ లెక్కలు చదివి కూడా ఒక్క గడి నింపడానికి పదిసార్లు ఆలోచించేదాన్ని. "ఏంది బిడ్డా, గంతసేపు? బంతిల ఎవలు కూసున్నరో సూడు. రానోళ్లను పిలువు. గంతే," అనేదానివి.

ఇవాళ అలాగే చేశాను. వరుసలో ఎవరు కూర్చున్నారో చూసి, రాని అంకెను పిలిచాను. చాలావరకు నిండాక ఒక గడి దగ్గర ఆగిపోయాను. రెండా, ఏడా?

నీ మనవరాలు తొంగిచూసింది. "ఇగ ఆపెయ్ అమ్మా. పోతే మళ్ల నువ్వే ఏడుస్తవ్."

ఇంటి మీదుగా విమానం పోతుంటే, ఆ మోత తగ్గేదాకా కళ్లు మూసుకున్నాను. తెరిచి, ఈసారి నిలువుగా చూశాను. ఏడు పైన ఎప్పుడో కూర్చుంది. రెండు నొక్కాను. తప్పని అంకె ఎర్రబడలేదు. మిగతా గళ్లు వాటంతటవే తెలిసిపోయాయి.

"నాయినమ్మ ఆట గెలిచినవ్ అమ్మా," అని నీ మనవరాలు నన్ను పట్టుకుని గెంతింది. నేనూ గెంతాను, పట్టుచీర కుచ్చిళ్లు ఊడిపోయేదాకా.

తర్వాత కొత్త ఆట మొదలుపెట్టి, మొదటి గడే తప్పు నింపాను. ఆశ్చర్యంగా, ఈసారి భయం వేయలేదు. రెండో గడి నింపుతున్నాను.

నీ కోడలు