చెంబులో మరమనిషి గొంతు

ఒరేయ్ మస్తానూ,

వారపత్రికలో మన మరమనిషి బొమ్మల కథ ఇవాళ్టితో అయిపోయింది. నువ్వు పోయాక, మిర్చి యార్డు పక్క కొట్లో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లకు నేనే చదివి, బొమ్మల్ని మాటల్లో చెబుతున్నాను. నేనూ మానేస్తే అక్కడ నీ ఊసెత్తేవాళ్లుండరని భయం. నీలాగా చెంబులో మూతి పెట్టి ఆ జిత్తులమారి గొంతు తీయబోతే మాత్రం దగ్గొచ్చి చస్తున్నాను. చెంబంటే గుర్తొచ్చింది, దాని సొట్ట మీ ఆవిడ విసిరినప్పుడు పడిందట కదా, నాతో అబద్ధం చెప్పావు.

"నీ మరమనిషి ఉత్త మోసగాడు బాబాయ్. మస్తాన్ బాబాయ్ చెబితే, ఎన్ని కుట్రలు చేసినా వాడే గెలవాలనిపించేది," అంటుంది రమణమ్మ. మిగతావాళ్లదీ అదే మాట.

ఇవాళ వాణ్ని కొలిమిలోకి తోసేశారని చదివాను. అయ్యో అన్నవాళ్లు లేరు.

"ఇప్పుడు చచ్చేదేంటి బాబాయ్? మావాడు మస్తాన్ బాబాయ్‌తోనే పోయాడుగా!" అంది రమణమ్మ, తొడిమ తుంచుతూనే.

పుస్తకం మూసేశాను. చివరి బొమ్మ వాళ్లకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఆరిన కొలిమి బూడిదలో వాడి కన్నొకటి ఇంకా వెలుగుతూనే ఉంది.