అసభ్య పదజాలం నేర్పినందుకు సంజాయిషీ

విద్యాశాఖ ఉన్నతాధికారి గారి సముఖమునకు,
నారాయణఖేడ్ నుండి తెలుగు ఉపాధ్యాయురాలు సుహాసిని సమర్పించుకొను అర్జీ.

విషయం: పదవ తరగతి బాలికలచే అసభ్య పదజాలముతో అర్జీ వ్రాయించితినని ఇచ్చిన మెమోకు సంజాయిషీ, మరియు మరుగుదొడ్ల తాళము తీయించుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయము నుండి వెలువడిన మెమో అందినది. అందులో నాపై మోపిన అభియోగమునకు సంజాయిషీ ఇచ్చుకొనుటయే గాక, సదరు అర్జీని బాలికలచే సభ్యమైన భాషలో తిరిగి వ్రాయించి, క్షమాపణతో సహా పంపవలెనని కూడా ఆదేశించియున్నారు. తమ ఆజ్ఞ శిరసావహించుటకు ముందు ఈ దిగువ అంశములను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. మా పాఠశాలయందు బాలికల కొరకు మరుగుదొడ్లు నిర్మించబడియున్నవి. గోడలకు టైల్సు కూడా వేయించినారు. వాటికి నీటి కనెక్షను లేదు. కావున తాళము కలదు. తాళము చెవి ప్రధానోపాధ్యాయుల వారి వద్ద కలదు. తీయించమని నేను అడిగినప్పుడల్లా వారు చెప్పే మాట ఇది: "నీళ్లు లేవు గద టీచర్. తాళం తీస్తే నాలుగు దినాలల్ల కంపు చేస్తరు. రేపు తనిఖీకి పెద్దసార్లు వస్తే ఏం చూపెట్టాలె?" వారిని తప్పుపట్టలేను. తనిఖీకి వచ్చిన పెద్దసార్లు ఆ టైల్సు చూసి మెచ్చుకుని వెళ్లిన మాట నిజమే.

2. ఈ విషయమై నిరుడు నేనే ఒక అర్జీ పెట్టుకున్నాను. "మౌలిక వసతుల లేమి వలన బాలికలు అసౌకర్యమునకు గురియగుచున్నారు" అని రాశాను. నాకు తెలిసిన భాషలో అంతకంటే సభ్యమైన వాక్యం లేదు. "సదరు పాఠశాలయందు మౌలిక వసతులు గలవని రికార్డులను బట్టి తెలియుచున్నది" అని తమరి నుంచి జవాబు వచ్చింది. అదీ సభ్యంగానే ఉంది. రెండు వాక్యాలూ ఒకదానికొకటి నమస్కారం పెట్టుకుని ఎవరి ఫైల్లోకి అవి వెళ్లిపోయాయి.

3. తమ శాఖ ఆదేశాల మేరకు మా బడిలో నీళ్ల గంట కొడుతున్నాము. గంట మోగగానే పిల్లలు సీసాలు తీసి నీళ్లు తాగాలి. మా ఆడపిల్లలు సీసా మూత తీసి, నోటి దగ్గర పెట్టుకుని, తల వెనక్కి వంచి, మళ్లీ మూత పెడతారు. గొంతు కదలదు. తాగితే తర్వాత ఎక్కడికి పోవాలి? మగపిల్లలకు ప్రహరీ వెనక బీడు ఉంది. ఆడపిల్లలు పొద్దున ఇంటి దగ్గర పోయి వస్తే మళ్లీ సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరాకే. నీళ్ల గంట అమలవుతున్నట్టు ఫోటోలు తమ వాట్సాప్ గ్రూపులో పెట్టాము. తమరు బొటనవేలు గుర్తు కూడా పెట్టారు.

4. నాగల్‌గిద్ద మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చే రమ్యశ్రీ మా పదో తరగతిలో మొదటి పిల్ల. బడికి ఆరోగ్య శిబిరం వచ్చినప్పుడు డాక్టరుగారు "ఏమైతుందమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, "గత కొన్ని దినములుగా స్వల్ప అస్వస్థతతో బాధపడుచున్నాను సార్" అంది. డాక్టరుగారు ముచ్చటపడి నా వైపు చూశారు. నేనూ మురిసిపోయాను. జ్వరం గోళీలు ఇచ్చి పంపారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ప్రార్థనలో వణుకుతూ పడిపోయింది. సంగారెడ్డి దవాఖానలో, నీళ్లు తాగక, వచ్చినప్పుడు ఆపుకుని, ఆపుకుని, జబ్బు మూత్రపిండాల దాకా పోయిందని చెప్పారు. చూడ్డానికి వెళ్లి, మంట ఉన్నదని ఆ డాక్టరుకు ఎందుకు చెప్పలేదే అని కోప్పడ్డాను.

"మీరే చెప్పిండ్రు గద టీచర్, ఆఫీసర్ల ముంగట ఇంటి మాటలు మాట్లాడొద్దని" అంది.

అయ్యా, లేఖారచన పాఠంలో ఉన్నది అదే. నేను నేర్పినదీ అదే. ఆ పిల్ల తప్పు లేకుండా అప్పజెప్పింది.

5. మరునాడు క్లాసులో పాఠం మార్చాను. నర్మద అనే అమ్మాయి లేచి, "మరి ఏడ ఏ మాట రాయాలె టీచర్?" అని అడిగింది. సైన్సు పరీక్షలో 'కిరణజన్య సంయోగక్రియ' అనే రాయాలి, ఆకు చేసే పనికి అదే పేరు, అక్కడ 'ఆకు ఎండ తాగుతది' అంటే సున్నా వేస్తారు అన్నాను. నొప్పి గురించి చెప్పాలంటే మాత్రం నొప్పి అనే అనండి, ఎక్కడుందో అక్కడ చూపించండి, ఎదురుగా ఉన్నది డాక్టరైనా కలెక్టరైనా సిగ్గుపడకండి అన్నాను. పెద్ద మాట వెనక అసలు సంగతి దాక్కుంటుంటే ఆ మాట కొట్టేయండి అన్నాను. అభియోగంలో ఇది కూడా చేర్చుకోగలరు.

6. తరువాత బాలికలు తమంతట తాముగా రాసి తమరికి పంపిన అర్జీ ఇది: "సారూ, మా బడిల ఒంటికి పోనీకి, దొడ్డికి పోనీకి జాగ లేదు. రూములున్నయి గని తాళమేసిండ్రు. గందుకే మేము నీళ్లు తాగుతలేము. రమ్యశ్రీ దవాఖానల ఉన్నది. జల్ది తాళం తీపియ్యుండ్రి."

ఇందులో ఏ మాట తమకు అసభ్యంగా తోచిందో మెమోలో ఎర్ర సిరాతో గీత గీసి చూపారు. ఆ పని తమరూ రోజూ చేసేదే కాబట్టి నేను వివరించను. ఆడపిల్లలు పొద్దస్తమానం దాన్ని ఆపుకుని కూర్చోవడం అసభ్యం కాదా, ఆ మాట కాగితం మీద రాయడమే అసభ్యమా, సెలవివ్వగలరు. నిరుడు నా సభ్యమైన అర్జీకి జవాబు రావడానికి నెలలు పట్టింది. ఈ అర్జీకి వారం తిరగకముందే మెమో వచ్చింది. కాబట్టి పిల్లలు రాసింది మీకు అర్థమైందనే నేను అనుకుంటున్నాను.

కావున నేను కోరునది ఏమనగా, తాళం తీయించండి. నల్లా పెట్టించండి. మెమో రద్దు చేయమని అడగడం లేదు. నా ఇంక్రిమెంటు ఆపుకోండి, బోరంచ అవతల ఏ మూలకైనా బదిలీ చేయండి, వెళ్తాను. పిల్లలచేత క్షమాపణ మాత్రం రాయించను. ఈ ఒక్క విషయంలో తమ ఆజ్ఞ మీరుతున్నానని కూడా చిత్తగించవలెను.

ఉద్యోగం ఉన్నంతవరకు తమ విధేయురాలు,
సుహాసిని

తా.క.: కవరు అంటించే ముందు రమ్యశ్రీ ఇంటికి వెళ్లివచ్చాను. దవాఖాన నుంచి వచ్చి నెల కావస్తున్నా బడికి రావడం లేదు. పరీక్ష ఫీజు గడువు దగ్గర పడింది. వాళ్ల నాయన మాణిక్యప్ప నన్ను చూసి ఎడ్లను తోలుకుని వెళ్లిపోయాడు. తల్లి ఇంద్రమ్మ చేనులో ఉందని పొరుగువాళ్లు చెబితే అక్కడికే పోయాను. పిల్ల కూడా అక్కడే ఉంది. కాస్త తేరుకుంది. నా ముందే చెంబెడు నీళ్లు గటగటా తాగింది. బడికి పంపమని ఇంద్రమ్మను బతిమాలాను. ఆమె మనిషెత్తు పెరిగిన కంది వైపు చెయ్యి చూపింది.

"టీచరమ్మా, గీడ కంది చాటున్నది. ఎవ్వల్ని తాళం అడిగే పని లేదు. నా బిడ్డ కడుపునిండ నీళ్లు తాగుతున్నది. గా బడికి ఎందుకు తోలాలె, నువ్వే చెప్పు" అంది.

తిరిగి వచ్చి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ తల్లికి ఏం చెప్పాలో తమరే రాసి పంపండి. ఏ భాషలో రాసినా సరే. నేను వెళ్లి చదివి వినిపిస్తాను.