మా లొల్లి మాకు వాపస్ ఇయ్యి

జగిత్యాల,
జూన్ 2

గౌరవనీయులైన మల్లక్క గారికి,

నమస్కారం. నా పేరు జీవన్. ఆటల మీద పరిశోధన చేస్తున్నాను. ఆటలను అర్థం చేసుకునే సూత్రాలతో మనుషుల వాదనలను కూడా అర్థం చేసుకోవచ్చా అన్నది నా ప్రశ్న.

పోయిన నెల కోరుట్లలో మా పిన్ని ఇంటికి వచ్చినప్పుడు, మీకూ మీ పక్కింటి లచ్చవ్వ గారికీ జరిగిన కొట్లాట రెండు రోజులు విన్నాను. బట్టలారేసే దండెం ఒక కొస మీ గోడకు, ఇంకో కొస ఆమె గోడకు ఉంది కాబట్టి అది ఎవరిదన్నది తగువు. పందొమ్మిదేళ్లుగా సాగుతోందట! నన్ను ఆశ్చర్యపరిచినవి మీ నియమాలు. ఒకరు తిడుతుంటే ఇంకొకరు ఆగుతారు. పిల్లల ఊసు, పోయినవాళ్ల ఊసు ఎత్తరు. నల్లా రాగానే ఇద్దరూ బిందెలు పట్టుకుని లేస్తారు. ఇది అచ్చంగా ఆటే.

దీన్ని రాసుకోవడానికి మీ అనుమతి కావాలి. మామూలుగా గెలిచేది ఎవరు?

ఇట్లు,
జీవన్

తా.క.: కొత్త తిట్టుకు రెండు పాయింట్లు, పాత తిట్టుకు ఒకటి వేశాను. ఆ రెండు రోజుల్లో మీకు ముప్పై ఒకటి, ఆమెకు ముప్పై వచ్చాయి.

*

కోరుట్ల,
జూన్ 7

జీవన్ సారుకు మల్లక్క దండం పెట్టి రాయించేది,

నీ కాయితం చదివించుకున్న. ఫోన్ల మాట గాలికి పోతది, కాయితంల ఉంటది. మంచిపని చేసినవు. గెలిచేది నేనే. ఇంతకు కప్పు ఎప్పుడిస్తరు? కలెక్టరు ఇస్తడా, ఎమ్మార్వోతోని సరిపెడ్తరా? బీడీలు చుట్టుకుంట పొద్దంత ప్రాక్టీసు చేస్తున్న. కొత్త తిట్లు నాలుగు తయారు చేసి పోటీ రోజుకు దాచిపెట్టిన. లచ్చవ్వకు చెప్పకు.

ఇట్లు,
మల్లక్క వేలిముద్ర

తా.క.: చెప్పింది చెప్పినట్టు రాసుడు నా పని. కాని ముప్పై ఒకటి తప్పు. ‘గాడిద గుడ్డు’ అని మల్లక్క అంతకుముందు గూడ అన్నది, అది పాత తిట్టే. ఒక పాయింటు తీసెయ్యుండ్రి. – రాసిన మనిషి.

*

జగిత్యాల,
జూన్ 12

మల్లక్క గారికి నమస్కారాలు.

కప్పు లేదు, కలెక్టరూ రారు. ఇది పోటీ కాదు, చదువు.

కొన్ని ఆటలు గెలవడానికి ఆడతాం. కొన్ని మాత్రం ఆగకుండా నడవాలనే ఆడతాం. తొండి చేసేవాణ్ణి పిల్లలు క్షమిస్తారు, ఎందుకంటే వాడికి ఆట కావాలి. ‘నేనాడను’ అని గిరి దాటి పోయేవాణ్ణే క్షమించరు. మీది ఏ రకం ఆటో తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. ఒక వారం లచ్చవ్వ గారు ఏమన్నా సరే, ‘నువ్వన్నదే నిజం’ అనండి. ఏం జరిగిందో రాయించండి.

ఇట్లు,
జీవన్

తా.క.: మీకు రాసిపెట్టేవారు ఎవరో గానీ ఎంత నిష్పక్షపాతం! ఒక పాయింటు తీసేశాను. ఇలాంటి మనిషే అంపైరుగా ఉండాలి.

*

కోరుట్ల,
జూన్ 21

జీవన్‌కు మల్లక్క రాయించేది,

పరీక్ష సంగతి ఎవ్వలకు చెప్పలే. లచ్చవ్వ ‘దండెం నాది’ అన్నది. ‘నువ్వన్నదే నిజం’ అన్న. తెల్లారి ‘నీకు బుద్ధి లేదు’ అన్నది. ‘నిజమే’ అన్న. ఇగ నాకు పెద్ద రోగం అచ్చిందనుకున్నది. కోడి పులుసు తెచ్చిపెట్టింది. కొండగట్టు అంజన్నకు మొక్కింది. నాలుగో రోజు దండెమే ఇప్పి, చుట్ట చుట్టి, నా గడపల పెట్టి ‘నీదే, ఉంచుకో’ అని పోయింది.

ఇప్పుడు దండెం లేదు, లొల్లి లేదు. తడిబట్టలు నా మంచం మీద ఆరుతున్నయి. లచ్చవ్వ సిరిసిల్లల ఉన్న తన బిడ్డ శోభ దగ్గరికి పోత అంటున్నదట, ‘ఇంక ఈడ నాకేం పని’ అని. అది పోతే పొద్దంత నేను ఎవ్వలతోని మాట్లాడాలె? పోకు అని నోరిడిచి చెప్ప నాకు చాతకాదు. నీ సదువు నువ్వే ఉంచుకో, మా లొల్లి మాకు వాపస్ ఇయ్యి. ఈ ముచ్చట లచ్చవ్వకు మాత్రం తెల్వద్దు.

ఇట్లు,
మల్లక్క వేలిముద్ర

తా.క.: ఆ పరీక్ష కాయితం నా చేతికి రాలే. ఎవ్వలు చదివిపెట్టిండ్రో ఎరుక లేదు. పరీక్ష అని నాకు ఇప్పుడే తెలిసింది. ముందే తెలిస్తే జగిత్యాల దాక అచ్చి నీ నోటుబుక్కు చింపుదును. – రాసిన మనిషి.

*

జగిత్యాల,
జూన్ 25

మల్లక్క గారికి,

నన్ను క్షమించండి. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆటను చూద్దామని వచ్చి ఆటనే చెడగొట్టాను. దయచేసి దండెం మళ్లీ కట్టండి. మీరు చెప్పలేకపోతే, మీకు రాసిపెట్టే మనిషినే లచ్చవ్వ గారి దగ్గరికి పంపి, సిరిసిల్లకు పోవద్దని చెప్పించండి. వచ్చే శుక్రవారం నేనే వచ్చి ఇద్దరినీ క్షమాపణ అడుగుతాను.

ఇట్లు,
జీవన్

తా.క.: రాసిపెట్టే మనిషికి నా మీద అంత కోపం ఎందుకో అర్థం కాలేదు. అంపైర్లు అట్లా కోప్పడకూడదు.

*

కోరుట్ల,
జూన్ 29

జీవన్ కొడుకుకు లచ్చవ్వ దీవించి రాసేది,

అవును, లచ్చవ్వనే. మొదటి సంది రాసింది నేనే. మా గల్లీల మా వయసోళ్లల్ల ఏడో తరగతి దాక చదివింది నేనొక్కదాన్నే. ఎవ్వల కాయితమైనా నేనే రాస్త. కాయితం కాడ లొల్లి పెట్టుకోం, లొల్లి కాడ కాయితం మాట ఎత్తం. నాలుగు తిట్లు దాచిపెట్టిందని తెలిసి గూడ ఊకున్న.

‘లచ్చవ్వకు తెల్వద్దు’ అని నా పక్కన కూసొని నాతోనే రాయించింది. రాసిన. రాసుకుంట ఏడ్సిన గూడ. ఆమె చూసింది, చూడనట్టే ఉన్నది. ఇగ నువ్వేమో నన్ను నా దగ్గరికే పంపుమంటివి. పోయిన. అద్దంల చూసుకొని ‘పోకు’ అని చెప్పిన. శోభకు ఫోన్ చేసి రానని చెప్పిన.

నిన్న దండెం మళ్ల కట్టినం. ముడి వదులైందని ఆమె, నీ కండ్లు వదులైనయని నేను. నల్లా అచ్చేదాక నడిచింది. శుక్రవారం రా, నాటుకోడి వండుత. నోటుబుక్కు తేకు.

ఇట్లు,
లచ్చవ్వ

తా.క.: నీ కండ్లు వదులైనయి అన్నది కొత్త తిట్టు. రెండు పాయింట్లు రాసుకో.

మళ్ల తా.క.: ఇది మల్లక్క రాస్తున్నది. కవరు అంటిచ్చెటందుకు మెతుకులు తెస్తనని లచ్చవ్వ లోపలికి పోయింది. నాకు గూడ రాసుడు అచ్చు. కథలాపూర్ బడిల ఐదు దాక చదివిన. నీ పరీక్ష కాయితం నేనే చదువుకున్న. నాకు రాదంటెనే అది అచ్చి గంట సేపు పక్కన కూసుంటది. అందుకే ఇన్నేండ్ల సంది వేలిముద్ర. దానికి చెప్పకు. అస్తున్నది. దండెం నాదే.