కుడిమూలకి రాని కబురు

అల్లుడుగారికి మీ మామ మనసారా దీవిస్తూ రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం కులాసా.

మీ ఉత్తరం అందింది. మీకు భార్య, మాకు పిచ్చుక అయిన అమ్మాయి ఓడలో రెండో ఇంజనీరు అయిందన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. మిగతా ఉత్తరం మర్నాడు చదివాను. ఏం చెప్పమంటారు! ఏడో తరగతితో బడి మానేసి బస్సు డిపోలో గ్రీజు పులుముకున్నవాడి కూతురు మూడంతస్తుల మేడంత ఇంజను నడుపుతోంది! పాలవాడికి చెప్పాను. పోస్టుమాన్‌కి చెప్పాను. పక్కింటి దర్జీకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన, "ఈ అమ్మాయి ఇంకో అమ్మాయా అండీ?" అన్నాడు.

ఓడ రేవులో ఆగిన రోజున పిచ్చుక కంప్యూటర్లో కనిపించి ఇంజను చూపిస్తుందని రాశారు. ఆ తర్వాత ఓడ నడిసముద్రంలోకి పోతుంది, చాలాకాలం కనిపించడం కుదరదన్నారు. చిక్కంతా ఇక్కడే. మీరు పెట్టి వెళ్ళిన కంప్యూటర్లో కుడిమూల చిన్న పెట్టె లేస్తుందనీ, దాన్ని నొక్కితే పిచ్చుక వస్తుందనీ చెప్పారు కదా. ఆ పెట్టె లేవడం లేదు. ఏం చెయ్యాలో రాయండి.

ఫోను చేద్దామంటే నావి ఇంజన్ల మధ్య అరిగిపోయిన చెవులు. మీ అత్తగారు ఫోనెత్తితే కంప్యూటరు సంగతి తప్ప అన్నీ మాట్లాడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

సంతోషంతో సరిగ్గా నిద్రపట్టని,
మీ మామ

తా.క. నా రింగు పానా కనబడటం లేదు. పట్టుకునే చోట ఎర్రగుడ్డ చుట్టి ఉంటుంది. మీరిద్దరూ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ లేదు. మిమ్మల్ని అనడం లేదు. ఎప్పట్నుంచి లేదో చెబుతున్నానంతే.

*

మామగారికి నమస్కారాలు.

కుడిమూల లేచే పెట్టెని నోటిఫికేషన్ అంటారు. అది రాకపోవడానికి మామూలుగా ఉండే కారణాలు రాస్తున్నాను. ముందు కంప్యూటరు ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత తెరమీద కింద, గడియారం పక్కన చంద్రవంక గుర్తు ఉందేమో చూడండి. అది ఉన్నంతసేపూ ఎవరి కబురొచ్చినా పెట్టె లేవదు. ఉంటే దానిమీద నొక్కి తీసేయండి. ఆపైన కంప్యూటరుని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి. మా ఆఫీసులో సగం ఫిర్యాదులు ఇంతటితో తీరిపోతాయి.

మీ అమ్మాయి మీకు చాలా కబుర్లు పంపిందట. ఒక్కదానికీ జవాబు లేదంటోంది. ఓడ రేవుకి చేరేలోగా ఇది సరిచేసుకోవడం మంచిది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. పానా నేను తీయలేదు. నాకు పానాతో పనిలేదు.

*

అల్లుడుగారికి ఆశీస్సులు, మీ అత్తగారివి కూడా కలిపి.

కంప్యూటరు ఆన్‌లో ఉందా అని అడిగారు. ఎందుకుంటుందండీ? బండి కదలనప్పుడు ఇంజను ఆడకూడదని మా డిపో గోడమీద రాసి ఉండేది. నేను పొద్దున్నే కాసేపు పెట్టి, ఎవరూ రాకపోతే కట్టేసి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పేవాణ్ణి. ఇప్పుడు మీ మాట మీద రోజంతా ఆడిస్తున్నాను. ఊరికే నిలబడి ఆడుతున్న బండిని చూసినట్టే ఉంది, ప్రాణం ఒప్పడం లేదు.

చంద్రవంక కూడా ఉంది. అది మీ అత్తగారి పని. పొద్దున్నే పూజ చేసుకుంటుంటే అది టింగుమంటోందని, అదీ ఇదీ నొక్కుతూ పోయి ఎలాగో నోరు మూయించిందట. డిపోలో నాకంత సులువుగా ఒక్క హారన్ కూడా ఆగలేదు.

చంద్రవంక తీసేశాను. ఇక చూడండి, పెట్టెలే పెట్టెలు! వాన వస్తుందని ఒకరు, రాదని ఇంకొకరు. వంటపాత్రలవాళ్ళు, ఇల్లు కట్టిస్తామనేవాళ్ళు. ఒక చెప్పుల దుకాణంవారైతే "మీరు మాకు గుర్తొస్తున్నారు" అని రాశారు. నేను వాళ్ళ దుకాణం గడప కూడా తొక్కలేదు. అయినా ఎంత ఆపేక్ష!

పిచ్చుక మాత్రం రాలేదు. దారే పోయేవాళ్ళందరూ వస్తుంటే కన్నకూతురికి ఏమొచ్చింది? పనిలో పడి మరిచిందేమో. మరిచినా సంతోషమే, రెండో ఇంజనీరుకి తీరికెక్కడిది! అయినా ఒకసారి కనుక్కోండి.

కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న,
మీ మామ

తా.క. "నాకు పానాతో పనిలేదు" అన్న వాక్యం మీ అత్తగారు రెండుసార్లు చదివించుకుని, "అల్లుడికి కోపం వచ్చింది" అంది. వచ్చిందా?

*

మామగారికి నమస్కారాలు.

నాకు కోపం రాలేదు. మీకు వచ్చిందేమోనని మీ అమ్మాయి కంగారు పడుతోంది.

ఆమె కబురు పంపినప్పుడల్లా అక్కడి తెరమీద "ఈ వ్యక్తి మీ కబుర్లను తిరస్కరించారు" అని పడుతోందట. మొదట్లో ఓడలో యంత్రం లోపమనుకుందట. ఇప్పుడు మాత్రం "నాన్న నన్ను వద్దన్నారు" అంటోంది. ఎందుకు వద్దంటారని అడిగితే చెప్పడం లేదు. "ఆయనకి తెలిసిపోయినట్టుంది" అని మాత్రం అంది. ఏం తెలిసిపోయిందో నాకు తెలియదు.

మీరు పొరపాటున ఏదైనా నొక్కారేమో గుర్తు చేసుకోండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. చెప్పుల దుకాణంవాళ్ళు అందరికీ అదే మాట రాస్తారు. నాకూ రాశారు.

*

అల్లుడుగారికి మీ మామ రాస్తున్నాను. ఆశీస్సులు ఉంటూనే ఉన్నాయి, ముందు విషయం వినండి.

నేనా! నా పిచ్చుకని నేనా కాదంది! బుద్ధి తెలిశాక నేను ఎవరినీ కాదని ఎరగను. ఆఖరికి మీ కంప్యూటర్లో కూడా! "ఫలానావాళ్ళు మీకు కబుర్లు పంపాలనుకుంటున్నారు, అనుమతిస్తారా?" అని అడుగుతుంది కదా, మీరు తెలుగులో పెట్టి వెళ్ళబట్టి చక్కగా చదువుకుంటున్నాను. గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్ళని పొమ్మంటామా? ప్రతివాళ్ళకీ "అనుమతించు" నొక్కాను. ఇల్లు కట్టించేవాళ్ళకి కూడా నొక్కాను, మాకు ఇల్లుండి కూడా. అలాంటివాణ్ణి పట్టుకుని తిరస్కరించానంటే మీ కంప్యూటరే అబద్ధమాడుతోంది.

లేదా పిచ్చుకకే నామీద అలకేమో. వెళ్ళేరోజున సంచీ ఎత్తుతూ, "ఇంత బరువేమిటే, ఇనుము గానీ పెట్టావా?" అని కసిరాను. దానికి మొహం మాడ్చుకుంది. అందుకేనా? బరువుంటే మాత్రమేం, ఇంకో సంచీ కూడా మోస్తానని చెప్పండి.

దర్జీ రోజూ అడుగుతున్నాడు, "ఇంజను చూశారా?" అని. నేను పెరటి గుమ్మంలోంచి రాకపోకలు సాగిస్తున్నాను.

మనసు చిన్నబుచ్చుకున్న,
మీ మామ

తా.క. చెప్పులవాళ్ళు మీకూ రాశారన్న సంగతి మీ అత్తగారికి చదివి వినిపించలేదు. ఆ ఆపేక్ష చూసి నేను ఒక జత తెప్పించుకుంటున్నాను.

*

మామగారికి నమస్కారాలు. అత్తగారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ఎందుకో కింద తెలుస్తుంది.

మీ అమ్మాయి అసలు విషయం చెప్పింది. ఎర్రగుడ్డ పానా ఆమె దగ్గరే ఉంది. అడిగితే మీరు ఇవ్వరని, చెప్పకుండా సంచీలో వేసుకుందట. ఆ బరువు అదే. మీకు సంగతి తెలిసి, కోపంతో ఆమెని తిరస్కరించారని ఇన్నాళ్ళూ అనుకుంటోంది. రేవు నుంచి పార్సిల్లో పానా పంపేస్తుందట, మీ కోపం తగ్గేదాకా కంప్యూటర్లోకి రాదట. నేను ఎంత చెప్పినా వినడం లేదు. మీ పోలికేనని అనుకుంటున్నాను.

కాబట్టి ఇది చేయండి. సెట్టింగ్స్‌లో, అంటే పళ్ళచక్రం గుర్తు నొక్కితే వచ్చేచోట, నోటిఫికేషన్లు అన్న వరుస ఉంటుంది. అందులో రెండు పట్టికలుంటాయి, అనుమతించినవారు, తిరస్కరించినవారు. రెండో దాంట్లో ఆమె పేరుంటే దాని ఎదురుగా "అనుమతించు" నొక్కండి. నొక్కగానే ఆమె తెరమీద తెలుస్తుంది. ఓడ రేవుకి దగ్గరలో ఉంది. ఈ ఉత్తరం అందిన వెంటనే చేయండి, చదవడం మర్నాటికి వాయిదా వేయకండి.

ఇకమీద ఉత్తరాల ఆలస్యం లేకుండా నేను కూడా మీ కంప్యూటరుకే కబుర్లు పంపుతాను. నా పేరుతో పెట్టె లేస్తే "అనుమతించు" నొక్కండి.

ఉంటాను,
మీ అల్లుడు

తా.క. పానా విషయంలో నేను నిర్దోషినని తేలింది. ఈ ఒక్క వాక్యం అత్తగారికి గట్టిగా చదివి వినిపించగలరు.

*

బంగారంలాంటి అల్లుడుగారికి పట్టరాని ఆనందంతో మీ మామ రాస్తున్నాను!

మీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివి, పోస్టుమాన్‌కి వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా లోపలికి పరుగెత్తాను. పళ్ళచక్రం నొక్కాను. మొదటి పట్టిక ఎంత కిందికి జరిపినా అయిపోదు, ఊళ్ళోవాళ్ళంతా అందులోనే ఉన్నారు. రెండో దాంట్లో ఒకే ఒక్క పేరు. పిచ్చుక.

అప్పుడు గుర్తొచ్చిందండీ. మీరు వెళ్ళిన కొత్తలో ఒక పెట్టె లేచింది. "పిచ్చుక మీకు కబుర్లు పంపాలనుకుంటోంది. అనుమతిస్తారా?" చదవగానే నాకు ఒళ్ళు మండింది. చెప్పులవాళ్ళు అడిగారంటే అర్థముంది, బయటివాళ్ళు. తన ఇంట్లోకి తను రావడానికి నా కూతురు అనుమతి అడగాలా? నన్ను ఇలాంటి ప్రశ్న అడగడానికి ఈ కంప్యూటరుకి ఎంత ధైర్యం! కింద "తిరస్కరించు" అని కనబడితే గట్టిగా నొక్కాను. నేను తిరస్కరించింది ఆ ప్రశ్నని. అది తిరస్కరించింది నా పిల్లని.

వెంటనే "అనుమతించు" నొక్కాను. ఇక కదల్లేదు. అన్నం కూడా అక్కడే. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. కుడిమూల పెట్టె లేచింది! నొక్కితే పిచ్చుక, బుగ్గమీద గ్రీజుతో! నా చెవుల సంగతి తెలుసు కదా, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పట్టుకుంది, "నాన్నా, కోపమా?" అని. నాకు చేతికి ఏ కాగితమూ దొరక్క మీ ఉత్తరం కవరు వెనక రాసి చూపించాను, "పానా వాడుతున్నావా?" అని. పక్కకి వెళ్ళి తెచ్చి చూపించింది. ఎర్రగుడ్డ నల్లగా మారిపోయింది, అల్లుడుగారూ! నా చేతిలో అన్నేళ్ళున్నా అంత నల్లబడలేదు. పంపొద్దని కవరు రెండోవైపు రాశాను. పనిలో ఉన్న పానాని పార్సిలు కట్టకూడదు.

తర్వాత ఇంజను చూపించింది. కింద మొదలుపెట్టి మెట్లెక్కింది, ఎక్కుతూనే ఉంది, ఇంజను ఇంకా ఉంది. మీ అత్తగారు, "దీనికి మూత ఎక్కడుందే?" అని అరిచింది. పిల్ల నవ్వి నవ్వి మెట్టుమీద కూలబడింది. ఈసారి దర్జీ ఇంటికి ముందు గుమ్మంలోంచే వెళ్ళి చెప్పొచ్చాను.

ఇక మీ సంగతి. మీ పేరుతోనూ పెట్టె లేచింది, అనుమతిస్తారా అని. ఈసారి తెలిసే నొక్కాను. తిరస్కరించు.

కోపం తెచ్చుకోకండి. పిచ్చుకకి సముద్రం మధ్య పోస్టు డబ్బా లేదు, మీ వీధి చివర ఉంది. పెట్టెలో వచ్చిన మాట నొక్కగానే పోతుంది. మీ ఉత్తరమైతే చొక్కా జేబులో వేసుకుని వీధంతా తిరుగుతాను. పైగా మొదటి ఉత్తరంలో "ఇట్లు" అని రాసిన మీరు మొన్న "ఉంటాను" అని రాశారు. ఇంకో నాలుగు ఉత్తరాలయ్యాక ఏం రాస్తారో చూడాలని ఉంది.

మీ జవాబు కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్ళే,
మీ మామ

తా.క. చెప్పులు వచ్చాయి. ఆపేక్ష దుకాణానికే ఉన్నట్టుంది, జత మాత్రం కరుస్తోంది.

మరో తా.క. మీరు నిర్దోషి అన్న వాక్యం గట్టిగానే చదివాను. మీ అత్తగారు, "చెప్పులవాళ్ళని రానిచ్చి, అలాంటివాణ్ణి గుమ్మంలో నిలబెడతారా?" అని నామీదికొచ్చింది. "వాళ్ళు పరాయివాళ్ళు, ఈయన మనవాడు కదే" అన్నాను.