రోడ్డే డైనో

ఈ డైరీని ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా స్వాధీనం చేసుకోబోయే అధికారులకు, వారి పేర్లూ హోదాలూ ఇంకా తెలియనందున ఆ చోటు ఖాళీగా వదిలి, సవినయంగా మనవి చేయునది:

ఇందులోని విషయం ఒక టర్బో కారుకు సంబంధించినది. ప్రజాప్రయోజనం ఏమీ లేదు. రాస్తున్న వ్యక్తి పేరు రాజేష్. హన్మకొండ నివాసి. ప్రభుత్వ పాలనాశాస్త్రంలో డాక్టరేటు పొంది, డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా ఉన్నాడు. 'జవాబుదారీతనం' అనే పాఠాన్ని ఏటా చెబుతాడు. పరీక్షలో అది తప్పక వస్తుంది.

ఏప్రిల్ 12, 2025

కారు వచ్చింది. సెకండ్ హ్యాండ్. మునుపటి యజమాని కంపెనీ టర్బో పీకేసి పెద్దది వేయించాడు. దానికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయించకముందే పెళ్లి కుదిరి అమ్మేశాడు. పర్యవసానం: యాక్సిలరేటర్ నొక్కితే కారు ముందు ఆలోచిస్తుంది, తర్వాత దగ్గుతుంది, ఆ తర్వాత ఉరుకుతుంది. ఇలాగే నడిపితే పిస్టన్లు కరుగుతాయట.

ఇంత వయసొచ్చిన లెక్చరర్‌కు ఇలాంటి కారు ఎందుకని నా భార్య స్వప్న అడిగింది. ప్రశ్నను నమోదు చేసుకున్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఆరాధన ముగియగానే స్వప్న తమ్ముడు జోయెల్ చేతిలోని ఈతమట్టను చర్చి గోడకు ఆనించి మా కారు బానెట్ ఎత్తాడు. కాజీపేటలో ట్యూనింగ్ షాపు తెరిచి వాడికింకా ఏడాది నిండలేదు. అంతకుముందు సరుకుల డీసీఎం వ్యాను నడిపేవాడు. టర్బోను చూసి స్తోత్రం అన్నాడు. బావా, ఇది నాకిడిసిపెట్టుండ్రి, రోడ్డు మీద ట్యూన్ చేసిస్త అన్నాడు. పాస్టరుగారు కూడా వంగి చూశారు.

ఆలోచిస్తానన్నాను. ఆ మాట వాడి ముఖంలో ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది.

ఏప్రిల్ 15

ఆఫీసు నోట్ పద్ధతిలో.

పద్ధతి ఒకటి, డైనో. హైదరాబాద్‌లో ఉంది. కారు చక్రాలను రోలర్ల మీద పెడతారు. కారు ఉన్నచోటే ఉండి నూట అరవైలో పోతుంది. ఎదురుగా ఫ్యాను, పక్కన తెర. ఎంత పవర్, ఎంత పెట్రోలు, ఇంజిన్ లోపల దెబ్బకొట్టే నాక్ ఎక్కడ, అన్నీ గీతలై కనబడతాయి. దారిలో ఎవరూ అడ్డం రారు.

పద్ధతి రెండు, రోడ్డు. ఒకడు నడపాలి. ట్యూనర్ పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంజిన్ లోపలి చప్పుడు వినాలి. మూడో గేరులో కింది నుంచి పైదాకా ఒకే తొక్కుడు. ఆగడం. మార్చడం. మళ్లీ తొక్కుడు. దీనికి తిన్నని, చదునైన, ఖాళీ రోడ్డు కావాలి.

హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేశాను. రోడ్డు మీద చేసేదాన్ని మేం ట్యూనింగ్ అనం అన్నా, ధైర్యం అంటాం అన్నాడు అవతలివాడు. జోయెల్‌కు ఈ మాట చెప్పకుండా ఉండవలసింది. చెప్పాను. రోలర్ మీద ఎదురుగాలి ఉంటదా బావా, ఎత్తుపల్లం ఉంటదా, మీరు రేపు కారు ఫ్యాను ముంగట నడుపుతరా ములుగు రోడ్డు మీద నడుపుతరా అని వాడు అడిగాడు.

ఇద్దరూ సరిగానే మాట్లాడుతున్నారు. నిర్ణయాలకు ఇదే పెద్ద ఆటంకం.

ఏప్రిల్ 20, ఈస్టర్

అత్తగారింట్లో భోజనం. అత్తగారు మరియమ్మ నా ప్లేటులో ముక్కలు వేస్తూ విషయం ఎత్తారు. జోయెల్ షాపుకు వద్దామనుకుంటున్న కార్లవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారట. బావ కారు ఎటు పోతుందా అని చూస్తున్నారట. సొంత బావనే హైదరాబాద్ తీస్కపోతే ఇగ బయటోళ్లు ఎవ్వలొస్తరు అల్లుడా, పిలగాడు మళ్ల డీసీఎం ఎక్కాల్సిందే గదా అన్నారు. అని, ఇంకొక ముక్క వేశారు.

మా వాళ్లలో ఇదొక శాసనం. ఇంటివాడు చేసే పనిని బయట చేయించుకోరాదు. చేయించుకుంటే అది పని గురించిన అభిప్రాయం అనిపించుకోదు, మనిషి గురించిన తీర్పు అవుతుంది.

హైదరాబాద్ పక్షం మాట్లాడింది స్వప్న ఒక్కతే. ఆమె పెద్ద దవాఖానలో ఎముకల వార్డు స్టాఫ్ నర్సు. నా తమ్ముడు గాబట్టే చెప్తున్న, రోలర్ మీద ఆడుకోండ్రి, రోడ్డు మీద గాదు, రోడ్డు మీద ఆడినోళ్లంత నా దగ్గరికే వస్తరు అంది. జోయెల్ లేచి చేయి కడుక్కున్నాడు.

ఏప్రిల్ 21

రోడ్డే అని తీర్మానించడమైనది. ఏకగ్రీవం. స్వప్న డ్యూటీలో ఉంది.

ఏప్రిల్ 24, ఉదయం

ధర్మసాగర్ దాటాక జోయెల్ ఎంచిన రోడ్డు నిజంగానే తిన్ననిది, చదునైనది, చెట్ల నీడ పడనిది. సరిగ్గా ఆ కారణాలకే యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్క పొడుగునా ఆరబోసి ఉన్నాయి. తేమ తగ్గందే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. ఆరబెట్టుకోవడానికి కల్లం లేదు. మాకు డైనో లేదు. ఉన్నది ఒక్క రోడ్డు. అన్ని శాఖల పనీ అదే చేస్తోంది.

వడ్ల మధ్య గొడుగేసుకుని కూర్చున్న ఆయన పేరు కట్టయ్య. జోయెల్ హారన్ కొట్టగానే, ఇది రోడ్డనుకున్నవా మీ అయ్య జాగనుకున్నవా అని లేచాడు. మరి నీ అయ్య జాగనా కాకా అని జోయెల్ అడిగాడు. కట్టయ్య భార్య సోమక్క కాళ్లతో వడ్లు తిరగేస్తున్నదల్లా ఆగి నవ్వింది. నవ్వాక కొట్లాట సాగలేదు.

ఒప్పందం కుదిరింది. మేం పరుగులు తీసేంతసేపు ఊరి వైపు కొసన కట్టయ్య రాళ్లు పేర్చి బండ్లను ఆపుతాడు, తర్వాత తీసేస్తాడు. వడ్లు లేని అవతలి కొసన మేమే పేర్చాలి, మేమే తీయాలి. ప్రజా రహదారిని ఇద్దరు ప్రైవేటు వ్యక్తులు ఇంత క్రమశిక్షణతో మూసిన సందర్భం నా పాఠ్యపుస్తకంలో లేదు.

రెండో పరుగుకు కారు గాలికి వడ్లలోని తాలు లేచిపోయింది. సోమక్క కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకోపారి ఉరికియ్యు పిలగా, తాలు మంచిగ వోతాంది అని కేకేసింది. హైదరాబాద్ డైనోకు ఈ సౌకర్యం లేదని జోయెల్ గర్వంగా అన్నాడు.

ఏప్రిల్ 26

పొద్దున బాగున్న ట్యూన్ మధ్యాహ్నం ఎండకు నాక్ కొట్టింది. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించిన చప్పుడట. నాకు వినిపించలేదు. జోయెల్ అన్నం తినలేదు.

ఏప్రిల్ 29

అయింది!

నేను నడిపాను. మూడో గేరు, కాలు నేలకు ఆనేదాకా. దగ్గు లేదు, ఆలోచన లేదు. వీపు సీటుకు అంటుకుపోయింది. ఊరి కొస దగ్గర ఆపేసరికి జోయెల్ హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టాడు. ఒక్క రాయి కూడా ఆడతలేదు బావా అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే ఆ పరుగు వీడియోను నెట్‌లో పెట్టాడు. మరియమ్మగారికి ఫోన్ చేస్తే ఆమె ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టారు. ఆమేన్ వచ్చేదాకా రోడ్డు పక్కన తలలు వంచుకుని నిలబడ్డాం. కట్టయ్య కూడా తువ్వాల తీసి నిలబడ్డాడు. తర్వాత తన రాళ్లు తాను తీసుకుని, సంచులు అందుతాయో లేదో చూడాలని కొనుగోలు కేంద్రానికి పోయాడు.

అవతలి కొసకు తిరిగి వెళ్లి మన రాళ్లు తీయాలని జోయెల్ గుర్తు చేశాడు. నాకు పది గంటలకు క్లాసు. అవి ఎవరో ఒకరు తీసుకుంటారులే అన్నాను. ఇంటికి వచ్చే దారిలో నూట నలభై దాటింది.

ఏప్రిల్ 30

స్వప్న డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పింది. నిన్న పొద్దుగూకే వేళ ధర్మసాగర్ అవతల ఒక రైతు టీవీఎస్ మీద వస్తూ రోడ్డు మీది రాళ్లకు తగిలి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు. మళ్లీ పొలంలో వంగి పని చేయడం అనుమానమే. పేరు కట్టయ్య.

రాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. ఆర్టీసీ బస్సు కూడా తప్పుకుని పోయి ఉంటుంది. వరికోతల రోజుల్లో రోడ్డు మీది రాయిని మా జిల్లాలో ఎవరూ ముట్టుకోరు. ఆ వెనక ఎవరివో వడ్లు ఉంటాయని మర్యాద చేసి పక్క నుంచి పోతారు. కట్టయ్య ఒక్కడికే ఆ రోడ్డు మీద ఎవరి వడ్లు ఎక్కడున్నాయో తెలుసు. అక్కడ వడ్లు లేవని తెలుసు, మా రాళ్లు మేం తీసేసి ఉంటామనీ అనుకున్నాడు. అందుకే అతడు వేగం తగ్గించలేదు.

ఆ రాళ్లు నాయి గావు సిస్టరమ్మా అని వార్డులో పదే పదే అన్నాడట. ఎవరివో స్వప్నకు తెలియదు. నేను చెప్పాను. ఆమె అప్పుడు చెప్పులు విప్పింది.

మే 1

మరియమ్మగారు బత్తాయిలు తీసుకుని వార్డుకు వెళ్లి కట్టయ్య తలమీద చేయి పెట్టి ప్రార్థించారు. ఏ దేవుడైతేంది, కాలు అతుకుతే సాలు అని సోమక్క కూడా చేతులు జోడించింది. ఆమేన్ తర్వాత అత్తగారు జోయెల్ షాపు గురించి చెప్పారు. కొత్త దుకాణం, ఒక్కగానొక్క కొడుకు, కేసయితే మూతపడుతుంది. కట్టయ్య, బతుకనియ్యుండ్రి పిలగాన్ని అన్నాడట.

ఇదంతా స్వప్న మంచం పక్కన సెలైన్ మారుస్తూ విన్నది.

మే 2

పోలీసులకు కట్టయ్య వాంగ్మూలం ఇచ్చాడు. రాళ్లు నేనే వెట్టిన, మరిసిపోయిన.

రోడ్డుకు అడ్డంకి కలిగించినందుకు కట్టయ్య మీద కేసు. బాధితుడు, సాక్షి, నిందితుడు ఒక్కరే. పరిపాలనలో ఇంత పొదుపు నేను ఎక్కడా చదవలేదు.

మే 4

వాన. వడ్లు తడిశాయి. సోమక్క ఒక్కతే తార్పాలిన్ గుంజుకుంటూ కనబడిందని జోయెల్ చెప్పాడు. దిగి సాయం పట్టబోతే, నువ్వు వో బిడ్డా, నీ దుకాణం సూస్కో అందట. తిట్టినా బాగుండేది బావా అన్నాడు.

మే 7

వీడియో చూసి కార్లు వస్తున్నాయి. జోయెల్ ఒక్కటీ ముట్టుకోవడం లేదు.

ఇవాళ కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నడువుండ్రి బావా, స్టేషన్‌కు వోదాం, ఉన్నది ఉన్నట్టు చెప్దాం అన్నాడు. నేను వాడిని చెట్టు కిందికి తీసుకెళ్లి సమస్యను అంశాలవారీగా వివరించాను. వాంగ్మూలం నమోదై ఉంది. దాన్ని మార్చితే కట్టయ్య అబద్ధం చెప్పినట్టవుతుంది. అతనికే నష్టం. తొందరపడరాదు. ముఖ్యంగా షాపు సంగతి ఆలోచించాలి.

దుకాణం నాది గదా బావా, మీకేం ఫికర్ అన్నాడు వాడు.

వాడి గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు.

జూన్‌లో నా కాంట్రాక్టు పొడిగింపు ఉంది. క్రిమినల్ కేసులు లేవని సంతకం పెట్టాలి. ఈ సంగతి వాడికి చెప్పలేదు. ఇక్కడ రాయడం కూడా ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ షాపు కోసమే నోరు మూసుకున్నానని నేనూ నమ్మాను.

మే 8

స్వప్న కారు ఎక్కడం మానేసింది. దవాఖానకు ఆటోలో పోతోంది. కట్టయ్యకు రోజు కట్టు కట్టేది నువ్వు గాదు గదా, నేను అంది.  

మే 12

మొన్న జోయెల్ ఒక్కడే స్టేషన్‌కు వెళ్లాడు. రాళ్లు నేనూ ఇంకొకరూ పెట్టామని చెప్పాడట. ఆ ఇంకొకరి పేరు వాడంతట వాడు చెప్పలేదు. అక్కడ కూర్చున్నాయన అడగలేదు కూడా. ఆయన ఫైలు తిప్పి చూసి, ఇందుల మనిషి ఒప్పుకున్నడు తమ్మీ, ఒక రాయికి ఎంతమందిని పట్టుకోమంటవ్, పో అన్నాడట.

జోయెల్ అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయాడు. సోమక్కను ఇంటికి పంపి, రాత్రీ పగలూ వార్డులో తానే ఉంటున్నాడు. షాపు షట్టర్ దించే ఉంది. మరియమ్మగారు నాకు ఫోన్ చేసి, చదువుకున్నోనివి, నువ్వన్న వానికి జర బుద్ధి చెప్పు అల్లుడా అన్నారు.

చెబుతానన్నాను.

మే 14

ఈ డైరీ మొదట్లో వదిలిన ఖాళీలో ఎవరి పేరున్నా, వారి సముఖమునకు దాఖలు చేయునది.

డిమాండు నం. 1: ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన అవతలి కొసన రాళ్లు వదిలి వచ్చినది ఎవరని నన్ను అధికారికంగా అడగవలెను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

డిమాండు నం. 2: పొడిగింపు ఉత్తర్వులు వచ్చిన తర్వాత అడిగినా అభ్యంతరం లేదు.